నాలుగు పంక్తుల్లో కబురు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, రామకృష్ణాపూర్)



"ప్రతి ఏడు సావనీరు నిండా కవితలే వస్తున్నయి, సైన్సు వాళ్ళు కూడా ఏదన్న రాయండ్రి" అని యూనియన్ మిత్రులు అడిగినందువల్ల ఈ వ్యాసం రాయడానికి సాహసిస్తున్నాను. కవిత్వం నాకు రాదు. మాది పత్తి పండించే ఇల్లు. నేను రాయబోయేది పైతాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాసి, దాని చేత ఫోన్లకు కబురు పంపించడం గురించి. పంపడం నాలుగు పంక్తుల పని. ఆ నాలుగు పంక్తులు నేర్చుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మిగిలినది నేర్చుకోవడానికి ఒక పత్తి సీజను పట్టింది, మా కాకకు ఒక ట్రాలీ కిరాయి దండుగైంది. అది కూడా దాచకుండా రాస్తాను.

ఒక మనవి. ప్రోగ్రాం మాటలు అసలు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా, నోటితో పలికినట్టు తెలుగు లిపిలో రాస్తున్నాను.

ముందుగా ఏపీఐ అంటే ఏమిటో చూద్దాం. అప్లికేషన్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ అని దాని పూర్తి పేరు. పేరు వింటే భయమేస్తుంది గాని సంగతి మన బొగ్గుబాయి వాళ్ళకు తెలిసిందే. మా మేనమామ బాయిలో హాలర్ నడిపి రిటైరైనాడు. తాడుతో టబ్బులు లాగే ఇంజను ఒకచోట వుంటుంది. టబ్బుల దగ్గర వుండే మనిషి ఎక్కడో దూరంగా చీకట్లో వుంటాడు. ఒకరికొకరు కనబడరు, అరిచినా వినబడదు. అందుకని బెల్లు సంకేతాలు పెట్టుకున్నారు. టబ్బులు నడుస్తుండగా ఒక్క బెల్లు కొడితే ఆపాలి. మిగిలిన పనులకు వేరే లెక్కలు. ఏ బెల్లుకు ఏ అర్థమో ముందే రాసి పెట్టివుంటుంది. టబ్బుల దగ్గరి మనిషికి ఇంజను ఎన్ని హార్సుపవరో తెలియనక్కరలేదు. ఇంజను దగ్గరి మనిషికి కింద బెల్లు కొట్టినవాడి పేరు తెలియనక్కరలేదు. సంకేతం మాత్రం ఇద్దరికీ ఒకటే కావాలి.

ఏపీఐ అంటే అట్లాంటి సంకేతాల పట్టికే. టెలిగ్రాం అనే సందేశ సేవ 2013లో మొదలైంది. పావెల్ దురోవ్, నికొలాయ్ దురోవ్ అనే అన్నదమ్ములు దాన్ని స్థాపించారు. 2015 జూన్‌లో వాళ్ళు 'బాట్ ఏపీఐ' అనే పట్టికను అందరికీ విడుదల చేశారు. బాట్ అంటే మనిషికి బదులు ప్రోగ్రాం నడిపే ఖాతా. పట్టికలో 'సెండ్ మెసేజ్' అంటే ఈ కబురు ఫలానా వారికి పంపు అని, 'గెట్ అప్‌డేట్స్' అంటే నాకు వచ్చిన కబుర్లు ఇవ్వు అని అర్థం. ఇంటర్నెట్ మీద ఒక చిరునామాకు ఈ మాటలు పంపితే, జేసన్ అనే పద్ధతిలో రాసిన జవాబు వస్తుంది.

మరి 'పైతాన్ బైండింగ్' ఏమిటి? నేను మొదట ఇది పుస్తకాలకు వేసే బైండింగ్ వంటిది అనుకున్నాను. మా లెక్చరర్ గారు నవ్వి, "ఇక్కడ రెండింటిని కలిపి కట్టేది అని అర్థం" అన్నారు. టెలిగ్రాం వారి కంప్యూటరుకు పైతాన్ రాదు, దానికి ఇంటర్నెట్ సంకేతాలు మాత్రమే తెలుసు. మనమేమో పైతాన్‌లో రాస్తాము. ఈ మధ్యలో వుండి మన మాటను సంకేతంగా మార్చి, వచ్చిన జవాబును తిరిగి పైతాన్ వస్తువుగా మార్చి ఇచ్చేది బైండింగ్. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి పైన చెప్పినట్టు ఇంటర్నెట్ సంకేతాలను చుట్టి పెట్టేది. రెండవది వేరే భాషలో రాసిన అసలు లైబ్రరీని పైతాన్‌తో ముడివేసేది. టెలిగ్రాం వారు సి ప్లస్ ప్లస్‌లో రాసి 2018లో విడుదల చేసిన టీడీలిబ్‌ను పైతాన్ నుంచి పిలవడం ఈ రెండవ రకం. ఖచ్చితంగా మాట్లాడేవారు దీన్నే బైండింగ్ అంటారు. వాడుకలో మొదటిదాన్ని కూడా అట్లాగే అంటున్నారు. మన పనికి మొదటిది చాలు.

నేను వాడినది 'పై టెలిగ్రాం బాట్ ఏపీఐ' అనే ప్యాకేజీ. 'పిప్ ఇన్‌స్టాల్' అని ఈ పేరు ఇస్తే దిగుతుంది. ప్రోగ్రాంలో పిలిచేటప్పుడు మాత్రం దాని పేరు 'టెలిబాట్'. బడి పేరు ఒకటి, ఇంటి పేరు ఒకటి అన్నట్టు. నాకు అరగంట ఇక్కడే పోయింది.

ప్రోగ్రాం రాసే ముందు టెలిగ్రాంలో 'బాట్ ఫాదర్' అనే ఖాతాతో మాట్లాడి కొత్త బాట్ కావాలని అడగాలి. అది ఒక టోకెన్ ఇస్తుంది. కొన్ని అంకెలు, మధ్యలో రెండు చుక్కలు, తరువాత పొడుగాటి అక్షరాల వరుస. అదే మన బాట్ తాళంచెవి. ఇక ఆ నాలుగు పంక్తులు:

ఇంపోర్ట్ టెలిబాట్
టోకెన్ = "బాట్ ఫాదర్ ఇచ్చినది"
బాట్ = టెలిబాట్.టెలిబాట్(టోకెన్)
బాట్.సెండ్_మెసేజ్(చాట్_ఐడీ, "నమస్తే బాపు")

మా బాపు ఫోను టింగుమన్నది. ఆయన పశువుల కొట్టంలో వున్నాడు. "ఎవలురా ఇది, నమస్తే పెడుతున్నరు?" అని కేకేసిండు. ఆ సంతోషం ల్యాబ్‌లో టైట్రేషన్ సరిగ్గా వచ్చినప్పుడు కూడా నాకు కలగలేదు.

చాట్ ఐడీ అన్నది ఫోను నంబరు కాదు, టెలిగ్రాం ఇచ్చే వేరే అంకె. బాట్ తనంతట తాను కొత్త మనిషికి కబురు పంపలేదు. ముందు ఆ మనిషి బాట్‌ను తెరిచి 'స్టార్ట్' నొక్కాలి. అప్పుడు ఆయన ఐడీ గెట్ అప్‌డేట్స్‌లో కనబడుతుంది. ఇది మంచి నియమం అని నా అభిప్రాయం. అడగని వాళ్ళ ఇంటికి పోయి తలుపు కొట్టే వీలు లేదు. గ్రూపుల ఐడీకి ముందు మైనస్ గుర్తు వుంటుంది. నేను అది చెత్త అనుకొని తీసేశాను. "చాట్ నాట్ ఫౌండ్" అని నూరుసార్లు వచ్చిన తరువాత గాని బుద్ధి రాలేదు.

"అందరి ఫోన్లల్ల వాట్సాప్ వుండంగ టెలిగ్రాం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మా ఊళ్ళో అందరూ అదే అడిగారు. వాట్సాప్‌కు కూడా ఏపీఐ వుంది. 2022లో మెటా కంపెనీ తన క్లౌడ్ ఏపీఐని అన్ని వ్యాపారాలకు తెరిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో మొదలుపెట్టిన 'మన మిత్ర' నడిచేది ఈ దారినే. ఆ ఏడు ఇంటర్ హాల్ టికెట్లు కూడా దాని ద్వారా ఇచ్చారు. అయితే అక్కడ మనమే ముందుగా కబురు పంపాలంటే, ఆ కబురు నమూనాకు ముందే ఆమోదం తీసుకోవాలి. అవతలివాళ్ళు రాసిన 24 గంటల లోపైతేనే మన ఇష్టం వచ్చినట్టు జవాబు రాయవచ్చు. నమూనా కబుర్లకు డబ్బు కట్టాలి. ప్రభుత్వాలకు సరే, పాకెట్ మనీ మీద బతికే విద్యార్థికి కష్టం. వాట్సాప్‌ను దొంగదారిన నడిపే పైతాన్ లైబ్రరీలు కొన్ని దొరుకుతాయి. వాటిని వాడితే నంబరే పోయే ప్రమాదం వుంది. బాపు నంబరుతో ఆ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

ఎస్సెమ్మెస్ సంగతి మరీ విచిత్రం. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే 70. ఆ 70 కూడా మనం పలకమీద దిద్దిన అక్షరాలు కావు. యూనికోడ్ లెక్కలో 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అందుచేత నాలుగు మాటలు రాసేసరికి కబురు నిండిపోతుంది. పైగా 2018 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం, గంపగుత్తగా ఎస్సెమ్మెస్‌లు పంపే సంస్థలు పేరూ నమూనాలూ ముందే నమోదు చేయించుకోవాలి. టెలిగ్రాంలో ఒక కబురుకు 4096 గుర్తులదాకా పడతాయి, బాట్‌కు డబ్బు అడగరు. పైతాన్ మొదట విడుదలైనదీ, తెలుగు లిపి యూనికోడ్ మొదటి కూర్పులో చేరినదీ 1991లోనే. అయినా పైతాన్‌లో ప్రతి వాక్యమూ పుట్టుకతోనే యూనికోడ్‌గా వుండటం 2008లో వచ్చిన మూడవ వెర్షను నుంచి మాత్రమే. ఇప్పుడు తెలుగులో కబురు పంపాలంటే ప్రత్యేకంగా చేయవలసింది ఏమీ లేదు. 

ఇక అసలు కథకు వస్తాను.

2024 సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం వరకు వుంటే ఆ ధర పూర్తిగా వస్తుంది. 8 దాటి 12 వరకు కోత పెడతారు. 12 దాటితే కొనరు. రైతుకు ఈ నాలుగు శాతంలోనే ఏడాది అంతా వుంది. ఇంట్లో ఆరబోసి, ట్రాలీకి ఎక్కించి, జిన్నింగు మిల్లు దగ్గరికి పోతే ఆ రోజు కొనుగోలు లేదనుకోండి. రాత్రికి మంచు కురుస్తుంది, మళ్ళీ తేమ ఎక్కుతుంది. కాంటా అయ్యేవరకు ఎవరికీ నిద్ర వుండదు. కాబట్టి 'రేపు కొంటరా, కొనరా?' అన్నది మా ఊళ్ళో ఆ నెలల్లో పెద్ద ప్రశ్న.

దీనికి నేను చేసిన ఏర్పాటు చెబుతాను. మా చుట్టాలబ్బాయి ఒకడు మిల్లు పక్కనే వుంటాడు. వాడు రాత్రి తొమ్మిదింటికి బోర్డు చూసి, బాట్‌కు "తెరుస్తరు" అనో "సెలవు" అనో రాస్తాడు. మా ఇంట్లో పాత ఫోను ఒకటి, తెర పగిలింది, దాంట్లో టెర్మక్స్ అనే యాప్ వేసి పైతాన్ నడిపాను. తెల్లవారి 5.15కు మొదటి ప్రోగ్రాం వాడి మాటను తెచ్చి ఫైలులో రాస్తుంది. 5.30కు రెండవ ప్రోగ్రాం ఆ ఫైలు చదివి పదిహేడు ఇళ్ళకు పంపుతుంది. "ఈ రోజు కొనుగోలు ఉంది" లేక "ఈ రోజు కొనుగోలు లేదు". మూడు వారాలు ఒక్క తప్పు లేకుండా నడిచింది. మా అవ్వ నలుగురికి చెప్పుకున్నది కూడా.

ఒక రోజు రాత్రి వాడు "సెలవు" అనే రాశాడు. తెల్లవారి 5.15కు మా టవరుకు సిగ్నలు లేదు. మొదటి ప్రోగ్రాం వాడి కబురు తేలేకపోయింది. 5.30కు సిగ్నలు వచ్చింది. రెండవ ప్రోగ్రాం ఫైలు తెరిచింది. అందులో నిన్నటి మాట "తెరుస్తరు" అట్లాగే వుంది. పదిహేడు ఇళ్ళకు "ఈ రోజు కొనుగోలు ఉంది" అని పోయింది. నేను హాస్టల్లో నిద్రపోతున్నాను.

మా కాక ట్రాలీ కట్టుకొని పోయిండు. గేటు మూసివుంది. సాయంత్రం దాకా అక్కడే చెట్టుకింద కూచున్నడట, ఎవరన్నా వస్తరేమోనని. కిరాయి దండుగ. పత్తి మీద పట్టా కప్పుకొని రాత్రి తిరిగొచ్చిండు. నాకు ఫోను చేసి తిట్టలేదు. "నీ మిషను ఉంది అన్నది గద బిడ్డా" అన్నడు, అంతే. తిట్టినా బాగుండేది.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మొదటి ప్రోగ్రాంలో నేను 'ట్రై' అని రాసి, కింద 'ఎక్సెప్ట్: పాస్' అని రాశాను. అంటే 'పనిచేయి, చెడిపోతే నోరు మూసుకొని ముందుకు పో' అని. ఎర్ర అక్షరాలు తెరమీద రాకుండా వుండటానికి యూట్యూబ్ చూసి నేర్చుకున్న చిట్కా అది. చిట్కా బాగానే పనిచేసింది. ఎర్ర అక్షరాలు రాలేదు. కాక మాత్రం పోయి వచ్చిండు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే వుంది. టెలిగ్రాం ఏపీఐ ఇచ్చే జవాబులో మొట్టమొదట 'ఓకే: ట్రూ' అని వుంటుంది. ఆ రోజు కూడా పదిహేడు సార్లు 'ఓకే: ట్రూ' అనే వచ్చింది. నేను పొద్దున లేచి అది చూసి అంతా సవ్యంగా వుందనుకున్నాను. ఆ 'ఓకే'కు అర్థం 'నీ కబురు నా దగ్గరికి చేరింది, ఫలానా చాట్‌లో పెట్టాను' అని మాత్రమే. కబురు నిజమా, కాక చదివిండా అన్నది దానికి తెలియదు. బైండింగ్ ఇంకొంచెం దూరం పోతుంది. ఈ 'ఓకే' మాటను తీసి పక్కన పెట్టి, సజావుగా వుంటే మెసేజ్ వస్తువును ఇస్తుంది, లేకపోతే ఎక్సెప్షన్ విసురుతుంది. ఆ ఎక్సెప్షన్‌ను మనం 'పాస్' అని మింగేస్తే, బాయిలో బెల్లు తీగ తెగినా మనకు తెలియదు.

బాగుచేసిన తీరు ఇది. ఫైలులో మాటతో పాటు అది ఏ తేదీకి సంబంధించినదో రాయించాను. రెండు ప్రోగ్రాములను ఒకటి చేశాను. తేవడంలో విఫలమైతే మూడుసార్లు, మధ్యలో ఆగి, మళ్ళీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ ఇవాళ్టి తేదీ గల మాట లేకపోతే "ఈ రోజు కబురు అందలేదు, ఫోను చేసి కనుక్కోండి" అని పంపుతుంది. బాపు ఇది చూసి, "కబురు లేదని కబురు పంపుడేందిరా" అన్నడు. అయినా అది వచ్చిన రోజు ఆయనే అందరికన్నా ముందు ఫోను చేసి కనుక్కున్నడు.

తరువాత, పాత ఫోను మీద నమ్మకం పోయి, ఒక సీనియర్ అన్న అద్దెకు తీసుకున్న సర్వరు మీదికి ప్రోగ్రాంను మార్చాను. ఆ మరునాటి నుంచి రోజూ "కబురు అందలేదు" అనే పోసాగింది. చుట్టాలబ్బాయి ఒట్టు పెట్టి రాసినానంటాడు. రెండు రోజులు కొట్టుకున్న తరువాత తెలిసింది. ఆ సర్వరు గడియారం యూటీసీ కాలంలో వుంది, మన కాలం దానికన్నా అయిదున్నర గంటలు ముందు. మనకు తెల్లవారి 5.15 అయితే దానికి ముందు రోజు రాత్రి 11.45. దాని లెక్కలో తేదీ ఇంకా నిన్నటిదే. నేను ప్రోగ్రాంను పదిహేను నిమిషాలు ఆలస్యంగా పెట్టివుంటే సర్వరు తేదీ కూడా మారిపోయి, ఈ తప్పు నాకు ఎన్నటికీ కనబడేది కాదు. పైతాన్ 3.9 నుంచి 'జోన్ ఇన్ఫో' అనే మాడ్యూల్ దానితోనే వస్తున్నది. 'ఏషియా/కోల్‌కతా' అని చెప్పి తేదీ అడిగితే సరైనది ఇస్తుంది. టెలిగ్రాం ప్రతి కబురుకూ వేసే సమయం కూడా 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లలో, యూటీసీ లెక్కనే వుంటుంది. జాగ్రత్త.

మిగతా విషయాలు తొందరగా చెబుతాను. గెట్ అప్‌డేట్స్ చేసేటప్పుడు 'ఆఫ్‌సెట్' అనే అంకె ఇవ్వాలి. ఇంతవరకు చదివాను, తరువాతవి ఇవ్వు అని దాని అర్థం. ఇవ్వకపోతే చదివిన కబుర్లే మళ్ళీ వస్తాయి. చదవని కబుర్లను వాళ్ళు 24 గంటలకు మించి దాచరు. ఒకే చాట్‌కు సెకనుకు ఒకటి, ఒక గ్రూపుకు నిమిషానికి 20, మొత్తం మీద సెకనుకు సుమారు 30 కబుర్లు మించవద్దని వారి సలహా. మించితే 429 అనే జవాబు వస్తుంది, ఎన్ని సెకన్లు ఆగాలో కూడా అందులోనే చెబుతుంది. 401 వస్తే టోకెన్ తప్పు. 403 వస్తే ఆ మనిషి మన బాట్‌ను బ్లాక్ చేసినట్టు. మాకు ఒక ఇంటినుంచి 403 వచ్చింది. నేను వాళ్ళను కారణం అడగలేదు, జాబితాలోంచి తీసేశాను.

"మన ముచ్చట్లన్నీ ఇది ఇంటదా?" అని ఊరి గ్రూపులో బాట్‌ను చేర్చినప్పుడు ఒక పెద్దమ్మ అడిగింది. మంచి ప్రశ్న. మామూలుగా గ్రూపులో బాట్‌కు కనబడేవి దాదాపుగా గీత గుర్తుతో మొదలయ్యే ఆజ్ఞలు, దానికి నేరుగా ఇచ్చిన జవాబులు మాత్రమే. బాట్ ఫాదర్ దగ్గర ఈ ప్రైవసీ మోడ్‌ను తీసేయవచ్చు. నేను తీయలేదు. పెద్దమ్మకు ఆ సెట్టింగు తెరిచి చూపించాను.

టోకెన్ విషయంలో కూడా ఒక దెబ్బ తిన్నాను. ప్రోగ్రాం ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టాను, అందులో టోకెన్ స్పష్టంగా కనబడుతున్నది. గంటలోపల నా బాట్ మా బాపుకు "పెండ్లి ఎప్పుడు?" అని కబురు పంపింది. చేసిన మిత్రుడెవరో ఇప్పటికీ ఒప్పుకోలేదు. బాట్ ఫాదర్‌కు 'రివోక్' అని చెబితే పాత టోకెన్ చచ్చిపోయి కొత్తది వస్తుంది. అప్పటినుంచి టోకెన్‌ను ప్రోగ్రాంలో రాయకుండా, వేరుగా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి చదివిస్తున్నాను. అదే అల్లరి చేతిలో "ఈ రోజు కొనుగోలు ఉంది" అనే మాట పడివుంటే పదిహేడు ట్రాలీలు కదిలేవి.

2025 సీజనుకు 'కపాస్ కిసాన్' అనే యాప్ వచ్చి, పత్తి అమ్మడానికి స్లాటు అందులోనే తీసుకోవాలన్నారు. అందువల్ల మా బాట్ పని సగం తగ్గింది. ఇప్పుడది ఎవరి స్లాటు ఏ రోజో ముందు రాత్రి గుర్తుచేస్తుంది, అంతే. తేదీలు మాత్రం ప్రతి ఇంటివాళ్ళ చేత చదివించి సరిచూసుకున్న తరువాతే ఎక్కిస్తున్నాను.

మొన్న దసరాకు ఇంటికి పోయినప్పుడు కాకను, కబుర్లు సరిగ్గా వస్తున్నాయా అని అడిగాను. "వస్తున్నయి బిడ్డా, చెల్లె సదివి చెప్తది" అన్నడు. కాకకు చదువు రాదన్న సంగతి నాకు తెలుసు. కాని పదిహేడు ఇళ్ళలో ఎన్నింట్లో పిల్లలు బడికి పోతే ఫోను చదివేవాళ్ళు లేరో, నేను ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. ఏపీఐలో 'సెండ్ వాయిస్' అనే సంకేతం కూడా వుంది. ఓపస్ పద్ధతిలో రికార్డు చేసిన ఓజీజీ ఫైలు ఇస్తే, నొక్కి వినే కబురుగా పోతుంది. చుట్టాలబ్బాయి గొంతు కాక గుర్తుపడతాడు కాబట్టి, అంకెలూ రోజుల పేర్లూ వాడి చేతనే చదివించి ముక్కలు ముక్కలుగా రికార్డు చేస్తున్నాము. ఇప్పటికి పదకొండో తేదీ వరకు అయింది.